తెలుగు మైకు ఆంజప్ప గారు

1991వ సంవత్సరం ఆగస్టు నెల ఐదవ తేదీ, సోమవారం నాడు, హోసూరు చెన్నరాయ టాకీసులో ప్రచార సిబ్బందిగా ఉద్యోగంలో చేరిన శ్రీ ఆంజప్ప గారు, పద్దెనిమిది సంవత్సరాల నిరంతర సేవ అనంతరం, 2009 ఆగస్టు 31న పదవీ విరమణ చేస్తున్నారు. గేటు దగ్గర టికెట్టు చించే మనిషికి పదవి ఏమిటి, విరమణ ఏమిటి అని అడిగేవారు మన పట్టణంలో ఇంకా ఉన్నారు. వారికి జవాబు చెప్పి ముందుకు పోదాం. సినిమా హాలులో పనిచేసే మనిషికి ఇదివరకు విరమణ అనేదే లేదు. కాళ్లు ఆడినంత కాలం పని. ఆడనప్పుడు "రేపట్నించి రావద్దప్పా" అని ఒక మాట. మన కార్మిక సంఘం పదకొండు రోజులు హాళ్ల ముందు కూర్చుని సాధించిన నియమావళి ప్రకారం, తేదీ వేసిన ఉత్తరం చేతబట్టుకుని, మెడలో దండతో గేటు దాటి వెళ్లే మొదటి మనిషి ఆంజప్ప గారు. కనుక ఆ రెండు మాటలూ ఆయనకు చెల్లుతాయి. ఇంకెవరికి చెల్లినా చెల్లకపోయినా.

వారు వేప్పనపల్లికి అవతల, ఆంధ్ర సరిహద్దుకు అతి సమీపంలోని ఒక కుగ్రామంలో, సామాన్య వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఐదవ తరగతితో విద్యాభ్యాసం ఆగింది. తర్వాత దాదాపు పాతికేళ్లు మామిడి తోటల కాపలా. చిలకలను తోలడానికి పొద్దున మొదలుపెడితే సాయంకాలం దాకా అరవాలి. ఆ అరుపులతోనే తన గొంతు తయారైందని వారు చెప్పుకుంటారు. నలభయ్యో ఏట హోసూరు చేరి, పోస్టర్లు కట్టిన ఆటోలో మైకు పట్టుకుని, బాగలూరు దారిలో కన్నడంలోనూ, పట్టణంలో తమిళంలోనూ, శూలగిరి వైపు తెలుగులోనూ సినిమాల పేర్లు చాటే ఉద్యోగం సంపాదించారు. ఆయన చాటితే జనం వచ్చేవారు. సినిమా బాగాలేకపోయినా వచ్చేవారు. ఆ పాపం ఆయనది కాదు.

చెన్నరాయ టాకీసులు రెండు. హోసూరులోది చిన్నది, కృష్ణగిరిలోది పెద్దది. రెండింటికీ యజమాని నరసింహయ్య గారు. 1993లో వారు ఆంజప్ప గారిని కృష్ణగిరి హాలుకు బదిలీ చేసి, ప్రచారంతో పాటు గేటు పని కూడా అప్పగించారు. ఒకే మనిషికి రెండు పనులు చెప్పడం అన్యాయమని సంఘం అప్పుడే అన్నది. ఆంజప్ప గారు మాత్రం ఏమీ అనలేదు. ఆయనలో ఉన్న ఒక్క లోపం అదే.

మరుసటి ఏడు జరిగిన ఒక పొరపాటు ఆయన జీవితాన్ని మార్చింది. ఆ రోజుల్లో కొండలూ గుహలూ నిధులూ ఉండే విదేశీ సాహస చిత్రాలు, తమిళంలో మాటలు మార్చి, మన హాలుకు తరచుగా వచ్చేవి. ఒక సంత రోజున మ్యాట్నీకి వచ్చిన పెట్టె తెరిచి చూస్తే అందులో ఇంగ్లీషు మాటల రీళ్లు ఉన్నాయి. వేరే పెట్టె తెప్పించడానికి వ్యవధి లేదు. హాలు నిండా సంతకు వచ్చిన పల్లె జనం, అందులో ముప్పాతిక మంది తెలుగువాళ్లు. రెండు రీళ్లు ఓర్చుకున్నారు. మూడో రీలులో బెంచీల నుంచి గొంతులు లేచాయి.

"ఏమప్పా, వాడేం జెప్తాండాడు? కొండెక్కమంటాండాడా, దిగమంటాండాడా?"

"వానికే తెలీనట్టుండాది. పోదాం పాండప్పా, సంత పనన్నా అయితాది."

ఆపరేటరు తిమ్మరాజు గారు, స్లైడులు వేసేటప్పుడు ప్రకటనలు చదివే మైకును ఆంజప్ప గారి చేతిలో పెట్టారు.

"మూడు బాసల్లో అరుస్తావు గదా. ఏదో ఒగటి అరువు."

"నాకు ఇంగ్లీషు రాదే, తిమ్మా."

"వాళ్లకూ రాదు. ఇంకేం భయం నీకి?"

ఆ విధంగా, క్యాబిన్ గోడకున్న చిన్న కంతలో కన్ను పెట్టి, తెర మీద కనిపించేదాన్ని చూసి, కనిపించనిదాన్ని ఊహించి, ఆంజప్ప గారు కథ చెప్పడం ప్రారంభించారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా తిమ్మరాజు గారు సినిమా శబ్దం తగ్గించేవారు. లేవబోయిన జనం కూర్చున్నారు. అప్పటి నుంచి ఏడేళ్ల పాటు, రీళ్లు ఏ భాషలో వచ్చినా, ప్రతి సంత రోజూ మ్యాట్నీకి "తెలుగు మైకు కలదు" అని హాలు ముందు బోర్డు వేలాడింది. పేరున్న పత్రికలలో ఇలాంటి విషయాలు రాయరు. కుందారపల్లి మొదలుకొని వేప్పనపల్లి వరకూ ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

విదేశీ పేర్లు మన నాలుకకు తిరగవు కనుక, ఆంజప్ప గారు పాత్రలకు ముందు బెంచీలలో కూర్చునే మనవాళ్ల పేర్లు పెట్టేవారు. గుర్రం మీద దూకే వీరుడికి మహేంద్ర అని, వేప్పనపల్లి బస్సు కండక్టరు పేరు. తుపాకి పేల్చే వీరనారికి రామలక్ష్మమ్మ అని, పువ్వులు అమ్మే ఆవిడ పేరు. దుర్మార్గుడికి మాత్రం ఎన్నడూ పేరు పెట్టేవారు కాదు. వాడు ఎప్పుడూ "పేరు లేనోడు". తెర మీద తన పేరు వినిపించిన మనిషి ఆ వారమంతా మీసం తిప్పుకుని తిరిగేవాడు. పెట్టేముందు ఎవరినీ అడిగే అలవాటు లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

1995లో వచ్చిన ఒక సాహస చిత్రంలో, ఎడారి అవతల ఇసుకలో పూడిపోయిన నగరాన్ని వెతుకుతూ బయలుదేరిన వీరుడికి, కంచరగాడిదలు తోలుకునే ఒక ముసలాయన దారి చూపుతాడు. తెల్ల మీసం, పెద్ద తలగుడ్డ, తక్కువ మాట. మట్టి వాసన చూసి నీళ్లు ఎక్కడున్నాయో చెబుతాడు. చుక్కలను చూసి కనుమ దాటిస్తాడు. ఆ పాత్రకు ఆంజప్ప గారు వరదప్ప అని పేరు పెట్టారు.

వరదప్ప గారిది కుందారపల్లి. ఎద్దులబండి మీద మామిడికాయలూ చింతపండూ సంతకు తోలేవారు. ఆయనదీ తెల్ల మీసమే, పెద్ద తలగుడ్డే. అయితే నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. ధర అడిగినా వేళ్లు చూపించేవారు. ఆ సినిమా ఆడిన తర్వాత ఊరివాళ్లు వేళాకోళానికి, "చుక్కల్ని జూసి దారి జెప్పినోడివి, ఈ గట్టు తగాదా ఏందో నువ్వే జెప్పు వరదప్పా" అన్నారు. ఆయన చెప్పారు. చెప్పింది న్యాయంగా ఉంది. మరొకరు పిలిచారు. మూడేళ్లలో చుట్టుపక్కల నాలుగు ఊళ్ల గట్టు తగాదాలకు ఆయన మాటే మాట అయింది. "పెండ్లయిన ముప్పై ఏండ్లలో మాట్లాడని మాటలు ఈ మూడేండ్లలో మాట్లాడినాడు మా ఇంటాయన" అని ఆయన భార్య మునెమ్మ గారు సంతలో ఆంజప్ప గారిని ఆపి మరీ చెప్పారు. ఆ మాట ఆంజప్ప గారికి ఎంత సంతోషం కలిగించిందంటే, ఆ రోజు గేటు దగ్గర ఇద్దరు ముగ్గురిని టికెట్టు చూడకుండానే లోపలికి పంపించారు.

1998లో ఆ చిత్రానికి రెండవ భాగం వచ్చింది. అదే వీరుడు, అదే ముసలాయన. కుందారపల్లి నుంచి రెండు బండ్ల జనం దిగారు. వరదప్ప గారు ఉతికిన పంచె కట్టుకుని, మునెమ్మ గారితో ముందు నుంచి రెండో బెంచీలో కూర్చున్నారు. పెట్టె ఎప్పటిలాగే ఆటకు అరగంట ముందు బస్సులో వచ్చింది. ఆంజప్ప గారు ఏ సినిమానూ ముందుగా చూసి ఎరుగరు. జనంతో పాటే చూస్తూ చెప్పడమే ఆయన పద్ధతి.

ఈసారి సినిమా తీసినవాళ్లకు నవ్వులు కావాలనిపించింది. నవ్వించడానికి వాళ్లకు ఆ ముసలాయనే దొరికాడు. మొదటి చిత్రంలో చుక్కలను చూసి కనుమ దాటించిన మనిషి, ఇందులో తన సొంత ఊరి సందులో దారి తప్పిపోతాడు. కంచరగాడిద మీద వెనక్కి తిరిగి కూర్చుని, దాని తల ఎక్కడ పోయిందని వెతుకుతాడు. స్నానాల ఇంట్లో సోపును మిఠాయి అనుకుని కొరికి నురగలు కక్కుతాడు. హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వుల హోరులో ఆంజప్ప గారికీ ఊపు వచ్చింది. "వరదప్ప సోపు తింటాండాడు. మునెమ్మ ఇంట్లో సంగటి పెట్టలేదేమో" అని తన సొంత మాట ఒకటి కలిపారు. హాలు ఇంకా నవ్వింది. ఆఖరి రీలులో ఆ ముసలాయనే ఆకాశం చూసి అందరినీ ఎడారి దాటిస్తాడు. దాన్ని కూడా ఆంజప్ప గారు "గుడ్డోనికి దారి తగిలినట్ల తగిలింది" అని నవ్వులోనే కలిపేశారు. అప్పటికి రెండో బెంచీలో రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. కంతలో నుంచి ఆంజప్ప గారు చూశారు. చూసీ చెప్పడం ఆపలేదు.

ఆ తప్పు జరిగింది. అభినందన వ్యాసంలో తప్పులు రాయకూడదనే మర్యాద ఒకటి ఉంది. ఆ మర్యాద పాటిస్తే ఆంజప్ప గారి గొప్పతనం ఏమిటో చెప్పడానికి వీలుపడదు.

నాలుగు రోజుల తర్వాత ఆయన బస్సెక్కి కుందారపల్లి వెళ్లారు. మునెమ్మ గారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉన్నారు.

"రాప్పా ఆంజప్పా. ఇంట్లో సంగటుండాది, తింటావా? లేదంటే సోపు తెచ్చేదా?"

ఆంజప్ప గారు చెప్పులు విడిచి వాకిట్లోనే నిలబడిపోయారు. మునెమ్మ గారు గింజ తీయడం ఆపకుండానే జరిగింది చెప్పారు. నిన్న ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదాకు వరదప్ప గారిని పిలిచారు. ఆయన నోరు తెరవగానే తమ్ముడు, "సొంత సందులో దారి తప్పినోడు మా గట్టు యాడుండాదో చెప్తాడంట" అన్నాడు. పంచాయతీ అంతా నవ్వింది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి వచ్చేశారు. వచ్చినప్పటి నుంచి మళ్లీ వేళ్లు చూపించడం మొదలుపెట్టారు.

"అన్నం ఎంత పెట్టాలంటే కూడా వేళ్లే చూపిస్తాండాడు" అన్నారు మునెమ్మ గారు.

వరదప్ప గారు కొట్టంలో కాడికి పగ్గం చుడుతున్నారు. తల ఎత్తలేదు.

"నా మింద కోపమాన్నా?" అని అడిగారు ఆంజప్ప గారు.

"కోపమేల. బొమ్మ గదా."

పగ్గం ఇంకో చుట్టు చుట్టారు. తర్వాత ఆయనే అడిగారు.

"ఒగటి జెప్పు. పోయిన బొమ్మలో వాడూ, ఈ బొమ్మలో వాడూ ఒగడేనా?"

"ఒగడేన్నా."

"ఒగడే అయితే, కొండల్లో చుక్కల్ని జూసి పోయినోడు సొంత సందులో ఎట్ల తప్పిపోతాడు? వయసయిందంటావా? మూడేండ్లకా? నా ఎద్దులకీ మూడేండ్లయింది. అవి ఇల్లు మర్చిపోలేదు."

"నవ్వేదానికి అట్ల జేసినారన్నా."

"నవ్వనీ. ఎద్దు జారి పడితే నేనూ నవ్వుతాను. ఎద్దును గాడిదని జెప్పి నవ్వమంటే ఎట్లప్పా నవ్వేది?" పగ్గం కింద పెట్టారు. "నువ్వు పేరు పెట్టేటప్పుడు నన్నడగలేదు. మంచిగుండాది, నేనూ ఊరుకున్నాను. సోపు తిన్నోనికి అదే పేరు పెట్టి అరిచేటప్పుడు, నేను ముందర కూర్చోనుండానని నీకు తెల్సు గదా."

"తెల్సున్నా."

"అంతే. ఇంగ పో, బస్సు తప్పిపోతాది."

ఆ బస్సులో ఆంజప్ప గారికి కూర్చోవడానికి చోటు దొరికినా నిలబడే వచ్చారు. ఒక మనిషికి మూడేళ్లు పట్టి వచ్చిన మాట మూడు గంటల్లో పోయింది. తీసినవాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నారు. వాళ్లకు కుందారపల్లి తెలియదు. వాళ్లు విరిచింది ఒక బొమ్మను. ఆ బొమ్మకు ఊపిరున్న మనిషి పేరు తగిలించింది తాను. పోయిన ఆ మాటను తెచ్చి ఇవ్వవలసింది కూడా తానే.

నవ్వుల పుణ్యమా అని ఆ సినిమాను రెండో వారం కూడా ఉంచారు. సంతకు ఇంకా మూడు రోజులుంది. ఆంజప్ప గారు నేరుగా నరసింహయ్య గారి గదిలోకి వెళ్లారు.

"సావుకారూ, ఆ ముసలాయన పేరు తీసేస్తాను."

"పేరు తీస్తే నవ్వు పోతాది" అన్నారు నరసింహయ్య గారు. వ్యాపారం తెలిసిన మనిషి. "ఆ పేరుండబట్టే గదా జనం అంత నవ్వుతాండారు. నవ్వు తగ్గిందంటే మైకు పెట్టెలో పెట్టేస్తాను. నువ్వు గేటు కాడే ఉండిపో."

నిజానికి ఆంజప్ప గారికి గేటు పనికన్నా, ఆటో పనికన్నా, ఆ మైకు ముందు గడిపే మూడు గంటలే ప్రాణం. అయినా బయటికి వచ్చి, తిమ్మరాజు గారిని బతిమాలి, మూడు రోజులూ పొద్దున పూట ఖాళీ హాలులో ఆ సినిమాను వేయించుకుని చూశారు. ఒక పనివాడు తన పనిలో తప్పు దిద్దుకోవడానికి ఖర్చు పెట్టిన ఆ మూడు ఉదయాలకు ఎవరూ లెక్క కట్టలేదు.

"ఇంగేదైనా ఊరోడి పేరు పెట్టు" అన్నారు తిమ్మరాజు గారు, రీలు చుడుతూ. "కల్లావిలో ఎవడో ఒగడు దొరకడా?"

"ఆడ కూడా మునెమ్మ మాదిరి ఒగతి ఉంటాది" అన్నారు ఆంజప్ప గారు.

"అయితే వాడు కావాలనే నటిస్తాండాడని జెప్పు. దొంగల్ని మోసం జేసేదానికి."

"సోపు తిని ఏ దొంగను మోసం జేస్తాడు తిమ్మా? జనానికి కండ్లుండాయి."

సంత రోజు వచ్చింది. హాలు కిక్కిరిసింది; పోయిన వారం చూసినవాళ్లు కూడా మళ్లీ నవ్వడానికి వచ్చారు. బాల్కనీలో నరసింహయ్య గారు కూర్చున్నారు. రెండో బెంచీలో వరదప్ప గారు లేరు. బొమ్మ పడకముందే ఆంజప్ప గారు మైకు తీసుకున్నారు. ఆ రోజు ఆయన చెప్పిన మాటలు తిమ్మరాజు గారికి ఇప్పటికీ కంఠస్థం.

"అయ్యలారా, అమ్మలారా. పోయిన సంతకు ఈ మైకులో ఒగ తప్పు జరిగిపోయింది. ఈ బొమ్మలో వచ్చే ముసలాయన వరదప్పని జెప్పినాను. కాదు. వరదప్పకు ఊర్లో రాగి కోత. రాలేనని జెప్పి పంపించినాడు. మహేంద్ర జూసి జూసి, అదే మీసం, అదే తలగుడ్డ ఉండే ఇంగొగన్ని పిల్చుకోని పోయినాడు. ఈ వచ్చినోనికి దారి తెలీదు. వాసన తెలీదు. వీని పేరు ఆంజప్ప."

వెంటనే బెంచీల నుంచి ఒక గొంతు లేచింది.

"ఏ ఆంజప్ప?"

"నేనేనప్పా. మైకులో ఉండేవాణ్ణి."

అప్పుడు మొదలైన నవ్వు ఆఖరి దాకా ఆగలేదు. సందులో దారి తప్పినప్పుడు, "ఆంజప్పకు బస్సు దిగితే ఏ పక్క పోవాలో తెలీదు, వాళ్ల ఆడోళ్లు జెప్పాల." కంచరగాడిద మీద వెనక్కి కూర్చున్నప్పుడు, "వీడు ఆటోలోనే తిరిగినోడు, గాడిద యాడ తెల్సు." సోపు కొరికినప్పుడు ఆయన ఏమీ చెప్పనక్కరలేకపోయింది, హాలే "ఆంజప్పా, వద్దప్పా" అని అరిచింది. నడుమ ఒకచోట ఇబ్బంది ఎదురైంది. వీరుడు ముసలాయన భుజం మీద చెయ్యి వేసి, పాత కనుమ ప్రయాణాన్ని గుర్తుచేస్తాడు. మొదటి చిత్రంలోని ముక్కలు తెర మీద కదులుతాయి. మూడు ఉదయాలు చూసిన మనిషి కనుక ఆంజప్ప గారు తడబడలేదు. "మహేంద్ర పాత వరదప్పను తల్చుకోని ఏడుస్తాండాడు. వీడు ఊరికే తల ఊపుతాండాడు. వీనికేం తెల్సు."

సినిమా తీసినవాళ్లు వేసిన చిక్కుముడి అది. కండలు తిరిగిన వీరుడు ఎలుకను చూసి మంచమెక్కడం, పండితుడు చదవడం మర్చిపోవడం, ఒక్క నవ్వు కోసం నిన్నటి మనిషిని నేడు ఇంకొకడిగా చేయడం వాళ్లకు అలవాటే. ముడి విప్పడానికి వాళ్లకు తోచని దారి, ఐదో తరగతి చదివిన గేటు మనిషికి తోచింది. వాడు వీడు కాదు అన్నారు, అంతే.

ఆఖరి రీలు వచ్చింది. ఎడారిలో అందరూ దప్పికతో పడిపోయి ఉంటారు. ముసలాయన మెల్లగా లేచి, తలగుడ్డ సవరించుకుని, ఆకాశం వైపు చూస్తాడు. ఇక్కడ తీసినవాళ్లు నవ్వించడం మర్చిపోయారు. పాత మనిషిని మళ్లీ తెచ్చిపెట్టారు. ఆంజప్ప గారు గొంతు తగ్గించారు.

"చూడండప్పా. రాగి కోత ముగించుకోని వచ్చేసినాడు. ఇదో, ఈయన వరదప్ప."

ఆ తర్వాత ఎడారి దాటేదాకా ఆయన మరి మాట్లాడలేదు. హాలు కూడా. ఆ నిశ్శబ్దంలో తలుపు పక్కన, గోడకు ఆనుకుని, ఒక పెద్ద తలగుడ్డ కనిపించింది. పక్కన మునెమ్మ గారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. నేల టికెట్టు జనం ఒకరినొకరు పొడుచుకుని వెనక్కి తిరిగారు. కుందారపల్లి బెంచీ మొత్తం లేచి నిలబడింది. గట్టు తగాదా అన్నదమ్ములలో తమ్ముడు కూడా అందులో ఉన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన కూర్చోవడానికి చోటు ఖాళీ చేశారు.

ఆట విడిచాక వరదప్ప గారు క్యాబిన్ మెట్లెక్కి వచ్చారు. ఆంజప్ప గారు మైకు తీగ చుడుతున్నారు. వరదప్ప గారు వేళ్లు చూపించలేదు.

"ఆంజప్పా, నీకి దారి తెలీదంట గదా. రా, బస్టాండు దాకా తోడొస్తాను."

ఆ సాయంకాలం ఇద్దరూ కలిసి నడిచి వెళ్లడం సంతంతా చూసింది. ముందు నడిచింది వరదప్ప గారు.

నరసింహయ్య గారు పెట్టెను మూడో వారానికి ఉంచమని తిమ్మరాజు గారికి కబురు పంపారు. మైకు నిలిచింది. అయితే ఆ తర్వాత ఆంజప్ప గారు ఒక నియమం పెట్టుకున్నారు: సినిమాను ఒకసారైనా ముందు చూడకుండా మైకు పట్టరు, మనిషిని అడగకుండా వాని పేరు వాడరు. పొద్దున పూట సినిమా వేయడం వృథా అని యాజమాన్యం గొణిగితే, అది పనిలో భాగమని సంఘం గట్టిగా చెప్పింది. ఎలుకకు భయపడే వీరుడు వస్తే, ఆంజప్ప గారు మొదటి రీలులోనే "ఈయనకు చిన్నప్పట్నించీ ఎలకంటే దిగులు, ఎవరికీ జెప్పుకోడు" అని నాటేవారు. ఆరో రీలులో జనం నవ్వేవారు. ఆ మనిషి మీద ఇష్టం మాత్రం పోయేది కాదు.

వరదప్ప గారి పేరు నిలబెట్టడానికి ఆంజప్ప గారు ఇచ్చుకున్నది తన పేరు. దాన్ని జనం ఊరికే వదల్లేదు. చాలా ఏళ్లు సంతలో ఆయన "సోపాంజప్ప". ఆయన సహధర్మచారిణి అక్కమ్మ గారు అంగడికి వెళ్లి సోపు అడిగితే, "ఒంటికా, తినేదానికామ్మా?" అని అడిగేవారు. "ఎవరి పేరో నిలబెట్టినావు, నా పేరు బజారున పడింది" అని అక్కమ్మ గారు ఇంట్లో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు కుందారపల్లి బండి వాకిట్లో ఆగింది. వరదప్ప గారు ఒక గంప మామిడిపండ్లు దించి, "అమ్మా, మీ ఇంటాయన నా చొక్కా ఏసుకోని పోయినాడు. ఉతికిచ్చినాడు. నాకేం నష్టం లేదు" అని చెప్పి వెళ్లారు. ఆ రోజు నుంచి అక్కమ్మ గారు ఎవరైనా సోపు మాట ఎత్తితే, "అవునప్పా, మా ఇంటాయనే" అనడం నేర్చుకున్నారు. మన సంఘం పత్రిక ఈ సంచికలో ఆమె పేరు కూడా అభినందనకు అర్హమైనదే.

2001 నాటికి తెలుగులోకి మాటలు మార్చిన ప్రతులు సక్రమంగా రావడం, ఇంటింటా టీవీ రావడం వల్ల తెలుగు మైకు అవసరం తీరిపోయింది. బోర్డు దించారు. ఆంజప్ప గారు గేటు దగ్గరికి తిరిగి వెళ్లి, మరో ఎనిమిదేళ్లు టికెట్లు చించారు. 2003లో హాళ్ల ముందు పదకొండు రోజులు కూర్చున్నప్పుడు, పోలీసులు మా మైకు తీసుకుపోతే, మిగిలిన రోజులు ఆయన గొంతే మైకుగా పనిచేసింది. మూడు భాషల్లో. ఏమీ అనడు అనుకున్న మనిషి ఆ పదకొండు రోజులలో పద్దెనిమిదేళ్లకు సరిపడా అన్నాడు. ఆయన లోపమని పైన రాసినది ఈ విధంగా సవరించబడింది.

ఇప్పుడు విరమణ. వయసైన మనుషులంటే లోకానికి తొందరగా నవ్వు వస్తుంది. నిన్న ఇంటికి దారి చూపినవాడినే నేడు దారి తెలియనివాడని చెప్పి నవ్వేవారు సినిమాలలోనే కాదు, ఇళ్లలోనూ ఉంటారు. ఆంజప్ప గారికి ఆ గతి పట్టకూడదు. ఎనభై వచ్చినా తొంభై వచ్చినా ఆయన ఈ ఆంజప్ప గారిగానే ఉండాలి. ఆ గొంతు తగ్గకూడదు, ఆ కండ్లు మసకబారకూడదు, మోకాళ్లు మెట్లకు భయపడకూడదు. అక్కమ్మ గారితో కలిసి, మంచి ఆరోగ్యంతో, కడుపునిండా తింటూ, కంటినిండా నిద్రపోతూ, దీర్ఘకాలం జీవించాలని ఇరు హాళ్ల కార్మికులూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నారు. వచ్చే సంత రోజు నుంచి ఆయన టికెట్టు కొనుక్కుని వస్తానంటున్నారు. కొననివ్వం. కుందారపల్లి నుంచి వరదప్ప గారు బండి కట్టించుకుని వస్తున్నారట. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా, ఎవరికీ ఏమీ చెప్పే పని లేకుండా, ఒక సినిమా చూస్తారు.